ముందు చక్రం

పోయిన మంగళవారం మా ఊరి లైబ్రరీ మెట్ల దగ్గర నా చేతికర్ర జారి, గొలుసు వేసి నిలబెట్టిన ఎవరిదో సైకిల్ ముందు చక్రానికి తగిలింది. నాలుగు స్పోకులు వరసగా మోగాయి. మూడు టింగుమన్నాయి. నాలుగోది మాత్రం తడిసిన తాడును మీటినట్టు దబ్బుమంది. ఎనభై దాటాక మోకాళ్ళు మాట వినడం మానేశాయి కానీ చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. అక్కడే నిలబడిపోయాను. పక్కనుంచి వెళుతున్న ఒకమ్మాయి, "ఆర్ యూ ఓకే, మ్యామ్?" అని అడిగింది. బాగానే ఉన్నానన్నాను. ఈ చెవులు నావే అయినా వీటికి పని ఇచ్చింది ఒక చెవిటి మనిషి. ఆమె గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. రాయడమే నాకు ఆలస్యంగా వచ్చింది, అందుకని ఇదీ ఆలస్యమైంది.

డెబ్బైల చివర్లో మేము అరిజోనాలో ఒక రాగి గనుల ఊరికి వచ్చాం. మా బావగారు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. తెనాలిలో లేతు మిషను మీద పనిచేస్తున్న తమ్ముడికి, అంటే మా ఆయనకి, ఆయనే కాగితాలు పెట్టి రప్పించారు. మా ఆయనకి గనిలో మెషిన్ షాపులో పని దొరికింది. నాకు ముప్పై ఏడేళ్ళు. పిల్లలు లేరు. ఇంగ్లీషు రాదు. తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం, రాయడం రాదు. మా నాన్న నులక మంచాలు అల్లేవాడు. ఏడో ఏట నుంచి నేను ఆయన వెనక తాడు పట్టుకుని నిలబడ్డాను. పలక పట్టుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు. వచ్చిన కొత్తలో బావగారింట్లోనే ఉన్నాం. మా తోడికోడలు మంచిదే కానీ, ఎవరైనా తెలుగువాళ్ళు భోజనానికొస్తే, "మా మంగకి చదువు లేదు కానీ చేతిపని బాగా వచ్చు" అని పరిచయం చేసేది. ఆ 'కానీ' తర్వాత వచ్చే మాట ఎవరూ వినేవాళ్ళు కాదు.

మా ఆయన గనికి వెళ్ళడానికి ఒక పాత మోటారుసైకిల్ కొన్నారు. నెల తిరక్కుండానే దాని ముందు చక్రం గోతిలో పడి వంకరపోయింది. బండిని బావగారి ట్రక్కులో వేసుకుని బజారు చివరి రిపేరు షాపుకి తీసుకెళ్ళారు. ఇంట్లో తోచక నేనూ వెళ్ళాను. షాపులో ఒక పొడుగాటి ముసలావిడ, బూడిదరంగు జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుని, ఒళ్ళో రిమ్ము పెట్టుకుని స్పోకులు అల్లుతోంది. రెండింటి మీదుగా, ఒకదాని కిందుగా, మళ్ళీ రెండింటి మీదుగా. నేను ఆమె ముందు కింద కూర్చుండిపోయాను.

"మంగా, ముట్టుకోకు" అన్నారు మా ఆయన.

అప్పటికే ముట్టుకున్నాను. పక్కనే అల్లడం పూర్తయిన ఇంకో చక్రం ఉంది. దాని స్పోకుల్ని ఒక్కొక్కటే మీటుకుంటూ వచ్చి, రెండు చోట్ల ఆగి, "ఇది వదులు. ఇది మరీ బిగువు" అన్నాను. మంచం పట్టె మీద నులక లాగి కట్టాక మా నాన్న అలాగే మీటి చూసేవాడు. ఒక్క తాడు వేరే గొంతుతో పలికినా విప్పి మళ్ళీ లాగేవాడు.

ఆవిడ మా ఆయన వైపు చూసి ఏమంటోందని అడిగింది. "వాళ్ళ నాన్న మంచాలు ఇలాగే అల్లేవాడట" అని చెప్పారాయన.

ఆవిడ చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. ఆయన గట్టిగా మళ్ళీ చెప్పారు.

"మంచాలా? మీ దేశంలో మంచాలకి స్పోకులుంటాయా?" అంది ఆవిడ. తర్వాత నేను చూపించిన రెండు స్పోకుల్నీ వేళ్ళతో నొక్కి చూసి, చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు నా చేతికిచ్చింది. దానితో స్పోకు చివర నట్టు తిప్పాలి. వదులుదాన్ని పావు చుట్టు బిగించి మీటాను. బిగువుదాన్ని పావు చుట్టు వదిలాను. రెండూ మిగతావాటితో కలిసి పలికాయి. ఆవిడకి ఆ శబ్దం వినిపించలేదు. నా మొహంలో చూసి తెలుసుకుంది.

ఆమె పేరు ఎడ్నా. యుద్ధకాలంలో విమానాల ఫ్యాక్టరీలో రేకులకి రివెట్లు కొట్టి, ఆ మోతకి ఒక చెవి పోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఇంజన్ల మధ్య ఉండి రెండో చెవి కూడా చాలావరకు పోయింది. భర్త చనిపోయాక షాపు ఒక్కతే నడిపేది. మర్నాటి నుంచి నన్ను రమ్మంది. "డాక్టరుగారి మరదలు మోటారుసైకిళ్ళు బాగుచేస్తోందట అని నలుగురూ అనుకోరూ?" అని మా తోడికోడలు బాధపడింది. నేను మా ఆయన పాత ప్యాంటు ఒకటి నడుము దగ్గర కుట్టుకుని వెళ్ళాను. చీర కొంగు స్పోకుల్లో పడితే ఏమవుతుందో తోడికోడలికి చెప్పినా అర్థం కాదు.

మొదటి రోజే ఆమెని "ఎడ్నా గారూ" అని పిలిచాను. గారు అంటే ఏమిటని అడిగింది. మర్యాద అన్నాను, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. "అయితే అలాగే ఉంచు. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళ నుంచి ఎవరూ ఇవ్వలేదు" అంది. ఆరు నెలల్లో ఊళ్ళో కుర్రాళ్ళంతా ఆమెని "గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. అదే ఆమె ముద్దుపేరు అనుకున్నారు పాపం.

మా ఇద్దరి మధ్య భాష ఎలా కుదిరిందంటే, ఆమె పెదవులు చూసి మాట తెలుసుకునేది. నేను "ఫ్రంటు" అన్నా "రియరు" అన్నా నా యాస వల్ల ఆమెకి నా పెదవుల మీద ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు విసిగిపోయి, "మీ భాషలో ఏమంటారో అది చెప్పు" అంది. ముందు, వెనక అన్నాను. ముందు అన్నప్పుడు పెదవులు మూసుకుంటాయి. వెనక అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగులుతాయి. ఆమెకి వెంటనే తెలిసిపోయింది. ఆనాటి నుంచి మా షాపులో ముందు చక్రం 'ముందు', వెనక చక్రం 'వెనక'. షాపు అవతలి మూల నుంచి ఆమె "ముందూ!" అని అరిస్తే నేను ముందు చక్రం దొర్లించుకుంటూ వెళ్ళేదాన్ని.

చక్రాల సైజుల గురించి ఆమె నాకు చెప్పిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. అప్పట్లో మా దగ్గరికొచ్చే బండ్లలో మట్టిదారి బండ్లకి ముందు ఇరవై ఒక్క అంగుళాల చక్రం ఉండేది. తారు రోడ్డు బండ్లకి పంతొమ్మిదో, పద్దెనిమిదో. రెండు చోట్లా తిరిగేవాళ్ళు వచ్చి ఏది మంచిదని అడిగేవాళ్ళు. ఎడ్నా భోజనం డబ్బాలోంచి ఒక పెద్ద కంచం, ఒక సాసరు తీసి, బల్ల మీద స్పానరు అడ్డంగా పెట్టి, రెండింటినీ దాని మీదుగా దొర్లించింది. కంచం ఎక్కి దిగిపోయింది. సాసరు టక్కున తగిలి ఆగింది. "పెద్ద చక్రం రాయిని మెట్టులా ఎక్కుతుంది. చిన్నది గోడలా గుద్దుకుంటుంది" అంది. తర్వాత చేతిని కత్తిలా అంచు మీద నిలబెట్టింది. "ఇరవై ఒకటి. సన్నం. ఇసుకని కోసుకుంటూ పోతుంది. కానీ తారు మీద పట్టు తక్కువ, వంపులో బద్ధకంగా తిరుగుతుంది." అరచెయ్యి బల్ల మీద పరిచింది. "పద్దెనిమిది. ఇది పూర్తిగా రోడ్డు చక్రం. వెడల్పు. బ్రేకు వేస్తే పట్టుకుంటుంది." చివరికి చేతిని సగం ఒరిగించి పెట్టింది. "పంతొమ్మిది. రెండిటికీ కొంచెం కొంచెం పనికొస్తుంది, రెండిటికీ కొంచెం కొంచెం తగ్గుతుంది." ఆ తర్వాత ఎవరైనా వచ్చి ఏ చక్రమని అడిగితే, మేము మాట్లాడకుండా చేతులే చూపించుకునేవాళ్ళం.

రిమ్ముల్ని నేను జానతో కొలిచేదాన్ని. అంచు నుంచి అంచుకి నా చేత్తో మూడు జానలుంటే ఇరవై ఒకటి. మూడు జానలకి మూడు వేళ్ళు తగ్గితే పంతొమ్మిది. అంకెలు కొన్ని గుర్తుపట్టేదాన్ని, టైరు మీద ఉబ్బెత్తుగా ఉంటాయి కనక. అక్షరాలే రావు. ఆ సంగతి ఎడ్నాకి తెలియదు. వినబడని మనిషి కాబట్టి ఆమె అన్నీ కాగితం మీద పెట్టేది. ప్రతి బండి హ్యాండిల్‌కి పసుపుపచ్చ చీటీ ఒకటి దారంతో కట్టేది. నేను ఆ చీటీల ముందు నిలబడి, చదివినట్టు కాసేపు చూసి, తలూపి, తర్వాత ఆమె ఏం చేస్తోందో గమనించి పని అందుకునేదాన్ని. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చాను. ఏదైనా అడిగితే "యెస్, యెస్" అనేదాన్ని.

జూలై వానలు మొదలైన వారం అది. రే అని ఒక బడి బస్సు డ్రైవరు తన బండి ఇచ్చి వెళ్ళాడు. అది మట్టిదారి బండి, ముందు ఇరవై ఒకటి. ఇప్పుడతను కొండ మీది తారు రోడ్డులోనే తిరుగుతున్నాడు కాబట్టి పంతొమ్మిది వేయమన్నాడట. ఆ మాట నాకు తెలియదు. అదే రకం బండి ఇంకొకటి కూడా ఆరోజు షాపులో ఉంది. ఎడ్నా విడిభాగాల కోసం టూసాన్ బయల్దేరుతూ ట్రక్కులోంచి అరిచింది: "మంగా! ముందు, నైన్‌టీన్! రే మూడింటికి వస్తాడు!"

ముందు చక్రం పంతొమ్మిది వేయమని ఆమె అర్థం. కానీ నేను తెలుగుదాన్ని. ముందు పంతొమ్మిది సంగతి చూడు, తర్వాత రే పని చూడు అని నాకు వినబడింది. అలాగే చేశాను. ముందుగా పంతొమ్మిది రిమ్ము అల్లి, టైరు ఎక్కించి, రెండో బండి కోసమని గోడకి తగిలించాను. తర్వాత రే పాత చక్రానికి బెండు తీసి, గడ్డలుగడ్డలుగా ఉన్న దాని మట్టి టైరు అలాగే ఉంచి, బండికి బిగించాను. బిగించేటప్పుడు చూస్తే అతని హ్యాండిల్‌కి కట్టిన చీటీ మీద 19 అని ఉంది. అయ్యో, చీటీ తప్పు చోట కట్టేశారే అనుకున్నాను. దాన్ని విప్పి, గోడకున్న పంతొమ్మిది చక్రానికి జాగ్రత్తగా కట్టాను. దాని మీద 19 పక్కనే రే పేరు కూడా రాసి ఉంది. మూడక్షరాలు.

మూడింటికి రే వచ్చాడు. హడావుడిలో ఉన్నాడు. "అంతా అయిపోయినట్టేనా, మ్యాంగో?" అని అడిగాడు. నా పేరు అతని నోట్లో అలా తిరిగేది. "యెస్, యెస్" అన్నాను.

సాయంత్రం కొండ వంపులో చినుకులు పడుతుండగా అతను బ్రేకు వేశాడు. సన్నటి మట్టి టైరు తడి తారు మీద జారిపోయింది. వెనకాల వస్తున్న ట్రక్కు ఆగబట్టి సరిపోయింది. మర్నాడు పొద్దున్న కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, బండిని ఎవరిదో ట్రక్కులో వేయించుకుని షాపుకొచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఎడ్నా బండి చక్రం వైపు చూసింది, గోడ వైపు చూసింది, గోడ మీద చక్రానికున్న చీటీ వైపు చూసింది.

"తప్పు నా షాపుది. బాగయ్యేదాకా నీ బండి పని అంతా నాది" అని అతనితో అంది. అతను వెళ్ళాక నా దగ్గరికొచ్చింది. "చీటీ ఎవరు మార్చారు?"

"నేనే."

"ఎందుకు? రే అని రాసి ఉందిగా."

నేను నేల చూస్తున్నాను. ఆమె నా గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తింది. ప్రేమతో అనుకోకండి, పెదవులు కనబడాలి కదా.

"నాకు చదవడం రాదు, ఎడ్నా గారూ."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నన్ను పంపించేస్తుందనుకుని ఏప్రాన్ విప్పడం మొదలుపెట్టాను. అప్పుడు అంది: "నాకు చెవులు పోయాయని నా మొగుడికి నాలుగేళ్ళు తెలియనివ్వలేదు. ఎవరేం చెప్పినా యెస్, యెస్ అనేదాన్ని. ఒకరోజు అతను, ఇంజన్ ఆపు, నా చెయ్యి చెయినులో ఇరుక్కుంది అని అరుస్తుంటే కూడా యెస్, యెస్ అన్నాను." లేచి నిలబడింది. "ఏప్రాన్ కట్టుకో. ఇవాళ్టి నుంచి ఊడవడం, ట్యూబులకి ప్యాచీలు. చీటీ నాకు పైకి చదివి వినిపించిన రోజు చక్రం నీ చేతికిస్తాను. అంతవరకు ఒక్క స్పోకు ముట్టుకోవద్దు."

వినిపించడమేమిటి, వినబడదు కదా అన్నాను. "నీ నోరు సరిగ్గా కదిలిందో లేదో నాకు తెలుస్తుంది" అంది.

మన పిల్లలకి పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దిస్తారు. నాకు ట్యూబులకి రాసే టాల్కం పొడిలో దిద్దించింది. డ్రెయిన్ ఆయిల్ పట్టే వెడల్పాటి రేకు పళ్ళెం కడిగి, అందులో పొడి పల్చగా పరిచి, నా వేలు పట్టుకుని గీసింది. తర్వాత టైరు దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని రబ్బరు మీద ఉబ్బెత్తు అక్షరాలు తడిమి చెప్పమంది. ఫ్రంట్ అన్న మాట నాకు చదువులో మొదటి మాట. అది కంటితో కంటే వేలితో ముందు నేర్చుకున్నాను. అక్షరాల్లోకి పొడి రుద్దితే నల్లటి టైరు మీద తెల్లగా తేలేవి. ఇంటికెళ్ళేసరికి నా చేతులు పిండి కలిపినట్టుండేవి. "షాపులో రొట్టెలు చేస్తున్నావా ఏమిటి?" అనేవారు మా ఆయన. చెప్పలేదు. చదవడం వచ్చాక చెబుదామనుకున్నాను.

నాలుగు నెలలు పట్టింది. ఊడ్చాను, ప్యాచీలు వేశాను, అక్షరాలు దిద్దాను. గోడ మీద అల్లని రిమ్ములు పేరుకుపోతున్నా ఎడ్నా మాట తప్పలేదు. వణికే వేళ్ళతో తనే అల్లుకుంది. ఒకరోజు చీటీ విప్పి ఆమె మొహానికెదురుగా నిలబడి చదివాను: వెనక చక్రం, ఆరు కొత్త స్పోకులు, గురువారానికి. ఆమె తల కూడా ఊపలేదు. రిమ్ము తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆ పై ఏడాది మేము బావగారిల్లు వదిలి, గనికి దగ్గరగా ఒక ట్రైలర్ ఇంటికి మారాం. అక్కడి నుంచి షాపుకి పదకొండు మైళ్ళు. మొదటి నాలుగు మైళ్ళు మట్టిదారి, మధ్యలో ఎండిపోయిన వాగు. మిగతా ఏడు తారు రోడ్డు, గని ట్రక్కులు తిరిగేది. కొన్నాళ్ళు మా ఆయన దింపారు. తర్వాత ఆయన షిఫ్టు మారింది. బస్సు లేదు. కారు కొనే స్తోమత లేదు. పని మానేయడమా, నా అంతట నేను వెళ్ళడమా, రెండే మిగిలాయి. మానేస్తే నేను మళ్ళీ 'చదువు లేదు కానీ' మనిషిని అయిపోతాను. ఆ సంగతి మా ఆయనకి చెప్పడానికి మాటలు దొరకలేదు. ఎడ్నాకి చెప్పక్కర్లేకపోయింది. షాపు వెనక నుంచి ఒక పాత బండి చట్రం బయటికి లాగింది. "దీన్ని నిలబెట్టుకో. రెండు రిమ్ములూ ఉన్నాయి. ముందు?" అని కనుబొమలెగరేసింది. ఏ ముందు చక్రమని.

"మీరే చెప్పండి."

"నేనెందుకు చెప్పాలి? దారి నీది. నడిచి చూసి రాసుకుని రా."

మా ఆయన ఆలోచించకుండానే తేల్చేశారు. "మట్టిదారి, వాగు. ఇరవై ఒకటి కాక ఇంకేం వేస్తావే?" గనిలో ఆయన స్నేహితులూ అదే అన్నారట. నేను శనివారం పొద్దున్నే నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని పదకొండు మైళ్ళూ నడిచాను. ఇసుక వచ్చిన చోటల్లా ఇసుక అని, రాళ్ళున్న చోట రాయి అని, తారు మీద ఎదురైన ప్రతి ట్రక్కుకీ ట్రక్కు అని, ఇంగ్లీషులో, పెద్దక్షరాలతో. నేను నా అంతట రాసిన మొదటి రాత అదే, ఒక దారి. ఎడ్నా దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది. "ట్రక్కులో సి అక్షరం ఏమైంది?" అంది.

"వేగంగా పోయింది. కనబడలేదు."

ఆమె నవ్వు షాపంతా వినబడింది, ఆమెకి తప్ప. తర్వాత మళ్ళీ అడిగింది: "ముందు?"

నేను చేతిని సగం ఒరిగించి బల్ల మీద పెట్టాను.

"పంతొమ్మిదా? ఇంత ఇసుక రాసుకొచ్చి? నేనైతే ఇరవై ఒకటి వేసుకుంటాను."

"ఇసుకలో నెమ్మదిగా వెళతాను. పడితే లేస్తాను. తారు మీద నా వెనక ట్రక్కు ఉంటుంది. అక్కడ పడితే లేవను."

రే మెడకి వేలాడిన చెయ్యి నేను మరిచిపోలేదు. ఆమె కూడా మరిచిపోలేదు. నా చేతి మీద తన చెయ్యి అలాగే ఒరిగించి ఒక్క క్షణం పెట్టి, "ఎక్కువ దూరం ఎక్కడుందో అందరూ చూస్తారు. ఎక్కడ పడకూడదో నువ్వు చూశావు. వెళ్ళి అల్లుకో" అంది. ఆ చక్రం అల్లినంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చేయలేదు.

లైసెన్సుకి రాత పరీక్ష ఉంది. మొదటిసారి సగం ప్రశ్నలయ్యేసరికే టైమైపోయింది, తప్పాను. ఎడ్నా ఆ చిన్న పుస్తకం తెచ్చి మధ్యాహ్నాలు నాతో చదివించింది. ఒక ప్రశ్నలో 'బిఫోర్' అన్న మాట తగిలి ఆగిపోయాను. ఏమిటని అడిగితే, వాచీ చూపించి, పని చేసి, అటూ ఇటూ చేతులూపి ఆమె నానా అవస్థలు పడింది. నాకు అర్థమైంది. "ఓ, ముందు" అన్నాను.

"కాదు. ముందు అంటే ఫ్రంట్."

"అదీ ముందే. ఇదీ ముందే. ఫస్ట్ కూడా ముందే."

ఆమె పుస్తకం మూసేసింది. నెమ్మదిగా మొహం మారింది. "అయితే రే వచ్చిన రోజు నేను నీకు చెప్పింది..."

"ముందు పంతొమ్మిది పని చూడమని."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"మీ మాట తప్పని నేనెలా చెబుతాను? మీరు గారు కదా."

ఆమె బయటికి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. గంటలో రేని వెంటబెట్టుకుని వచ్చింది. నా ఎదురుగా అతనితో, "ఆ చక్రం తప్పు సగం నాది. ఈమె భాషలోంచి ఒక మాట తీసుకున్నాను, మొత్తం అడిగి తీసుకోలేదు" అంది. రే నా వైపు తిరిగి, "మిగతా సగం సంగతేమిటి, మ్యాంగో?" అన్నాడు. "మిగతా సగం నాది. యెస్, యెస్ అన్నాను. సారీ" అన్నాను. చీటీ సంగతి జరిగాక అతనికి నేను చెప్పిన మొదటి క్షమాపణ అది. అతను బాగైన చెయ్యి చాచాడు.

రెండోసారి పరీక్ష ప్యాసయ్యాను. మొదటి వారం వాగులో ఐదుసార్లు పడ్డాను. ఇసుక మెత్తగానే ఉంది. ప్రతిసారీ లేచి, ఇంజన్ ఆపి, తోసుకుంటూ ఒడ్డెక్కించాను. పంతొమ్మిది చక్రం ఇసుకలో కూరుకుపోతుందని తెలిసే వేసుకున్నాను కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి లేకపోయింది. రెండో వారం రెండుసార్లు. తారు మీద మాత్రం, ఆ తర్వాత ఏడేళ్ళలో, వానల్లోనూ, ఒక్కసారీ పడలేదు. ఆరోజుల్లో కుర్రాళ్ళు ముందు పదహారు అంగుళాల చక్రాలని వెర్రెత్తిపోయి వచ్చేవాళ్ళు. అంతకుముందు ఇరవై మూడు అన్నారు. "ఫ్యాషను ముందుకు పోతుంది, బండి పక్కకు పోతుంది" అని ఎడ్నా వాళ్ళకి నోటు పుస్తకం ఒకటి ఇచ్చి, వెళ్ళి మీ దారి నడిచి రండర్రా అని పంపేది. వెళ్ళినవాళ్ళు తక్కువ. వెళ్ళినవాళ్ళు మాత్రం తిరిగొచ్చేవాళ్ళు.

ఎనభైల చివర్లో ఆమె చేతులు బాగా వణకడం మొదలైంది. షాపు మూసేసి ఓరెగాన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. చక్రాలు నిలబెట్టే స్టాండు, స్పోకు తాళంచెవి నాకిచ్చింది. నేను ట్రైలర్ పక్కన రేకుల షెడ్డులో చాలా ఏళ్ళు చక్రాలు అల్లాను. ఎడ్నా నెలకో ఉత్తరం రాసేది. చదివిపెట్టమని మా ఆయన్ని అడగక్కర్లేకపోయింది. చివరి ఉత్తరాల్లో గీతలు కొండదారిలా వంకరపోయాయి, అయినా చదువుకున్నాను. ఆమె చనిపోయిన ఏడాది నేను మా తోడికోడలి దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఇంగ్లీషు వచ్చింది. నాకు మన అక్షరాలు నేర్పు" అన్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకప్పుడు యాభై దాటాయి. ఇదంతా ఇవాళ తెలుగులో రాస్తున్నానంటే ఆ అక్క చలవే.

మంగళవారం ఆ సైకిల్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. స్పోకు తాళంచెవి ఇప్పటికీ నా సంచీలోనే ఉంటుంది. తీశాను కూడా. పావు చుట్టు చాలు. కానీ అడగకుండా పరాయివాళ్ళ బండి ముట్టుకోకూడదు, అదీ ఎడ్నా గారు నేర్పిందే. తాళంచెవి లోపల పెట్టేసి ఒక చీటీ తీశాను. ముందు చక్రంలో ఒక స్పోకు వదులుగా ఉంది, ఎక్కే ముందు బిగించుకోండి అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి, సంచీలోని దారంతో హ్యాండిల్‌కి కట్టాను. మన భాషలో అయితే రెండు చోట్లా ఒకటే మాట. ఇంగ్లీషులో రెండు వేరువేరు మాటలు. కట్టాక మళ్ళీ ఒకసారి పైకి చదివి చూసుకున్నాను, పెదవులు సరిగ్గా కదిలాయో లేదో అని. తప్పు లేదు. అప్పుడు మెట్లెక్కాను.